సెలెక్టివ్ సర్వీస్: ఎవరు పేరు ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు, 26 దాటితే ఏం చేయాలి

సెలెక్టివ్ సర్వీస్ అంటే, అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి అమెరికా ప్రభుత్వం ఉంచుకునే మగవాళ్ల జాబితా. దాని గురించి మీరు ఒకే కుటుంబంలో నలుగురి సంగతి అడిగారు. హెచ్-4 (ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వచ్చి, రెండు వారాల క్రితం గ్రీన్ కార్డు అందుకున్న మీ 19 ఏళ్ల అబ్బాయి. డాలస్‌లో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఎమ్మెస్ చేస్తున్న మీ 23 ఏళ్ల తమ్ముడు. న్యూజెర్సీలో పుట్టి, రెండేళ్లప్పుడే అమ్మానాన్నలతో వెనక్కి వెళ్లి, ఇప్పుడు హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్న మీ అక్కగారి అబ్బాయి. అమెరికా పౌరురాలిని పెళ్లి చేసుకుని 24 ఏళ్లకు గ్రీన్ కార్డు తెచ్చుకుని, 28 ఏళ్ల వయసులో సిటిజన్‌షిప్‌కి అప్లై చేయబోతున్న మీ మరిది. "అందరినీ సైన్యంలో చేరుస్తున్నారు" అని వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ చూసి, పేరు ఇస్తే యుద్ధానికి పట్టుకుపోతారా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబులు. మీ అబ్బాయి రిజిస్టర్ చేసుకోవాలి, ఈ వారమే. మీ తమ్ముడికి అక్కర్లేదు, స్టేటస్ చెడనంత కాలం. మీ అక్కగారి అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నా సరే చేసుకోవాలి. మీ మరిది చేసుకుందామన్నా ఇక కుదరదు, ఆయనకు కావలసింది వేరే కాగితం. యుద్ధం సంగతి చివర్లో చెబుతాను. మన కుటుంబాలకు ఇందులో ఉన్న అసలు చిక్కు తుపాకీతో కాదు, పదేళ్ల తర్వాత ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు కూర్చున్నప్పుడు ఫైల్లో లేని ఒక కాగితంతో.

నియమం చిన్నదే. అమెరికా పౌరుడైన మగవాడు ప్రపంచంలో ఎక్కడున్నా, పౌరుడు కాకపోయినా అమెరికాలో నివాసం ఉంటున్న మగవాడు, 18 నిండినప్పటి నుంచి 26 నిండే లోపు సెలెక్టివ్ సర్వీస్ సిస్టమ్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 18వ పుట్టినరోజుకు అటూ ఇటూ 30 రోజులు మామూలు గడువు. 18 దాటాక ఇమిగ్రెంటుగా వచ్చినవాడికి దేశంలో అడుగుపెట్టిన 30 రోజులు. ఇక్కడే ఉండి వీసా నుంచి గ్రీన్ కార్డుకు మారినవాడికి మారిన 30 రోజులు. ఆలస్యంగా ఇచ్చినా తీసుకుంటారు. కానీ 26వ పుట్టినరోజు వచ్చిందంటే ఆ తలుపు మూసుకుపోతుంది, మళ్లీ తెరిచే మార్గం లేదు.

మినహాయింపు ఉన్నది చెల్లుబాటయ్యే నాన్ ఇమిగ్రెంట్ స్టేటస్‌లో, అంటే తాత్కాలిక వీసా మీద, ఉన్నవాళ్లకు. ఎఫ్-1, జె-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-2, బి-2 అన్నీ ఇందులోకే వస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. "మాది ఇండియన్ పాస్‌పోర్టు కదా, మాకెందుకు" అంటారు. పాస్‌పోర్టుతో పని లేదు, చూసేది స్టేటస్‌నే. గ్రీన్ కార్డు ఉన్న ఇండియన్ చేసుకోవాలి. శరణార్థిగా వచ్చినవాడు, అసైలం (ఆశ్రయం) కోరుతున్నవాడు, పరోల్ (వీసా లేకుండా ఇచ్చే తాత్కాలిక ప్రవేశ అనుమతి) మీద ఉన్నవాడు, కాగితాలు లేకుండా ఉంటున్నవాడు, వీళ్లందరూ చేసుకోవాలి. ఫారంలో ఇమిగ్రేషన్ స్టేటస్ ఏమిటని అడగరు. కాబట్టి పేరు ఇచ్చినంత మాత్రాన పౌరుణ్నని చెప్పుకున్నట్టు కాదు, ఆ భయం అక్కర్లేదు. ఆడపిల్లలకు ఇది వర్తించదు. వాళ్లనూ చేర్చాలని కాంగ్రెస్‌లో (అమెరికా చట్టసభలో) కొన్నిసార్లు ప్రయత్నాలు జరిగాయి కానీ చట్టం కాలేదు. మగవాళ్లకే పరిమితం చేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 1981లోనే తేల్చింది.

ఇక ఒక్కొక్కరి సంగతి.

మీ అబ్బాయి. హెచ్-4లో ఉన్నన్నాళ్లు అతనికి ఏ బాధ్యతా లేదు. గ్రీన్ కార్డు మంజూరైన రోజు నుంచి లెక్క మొదలైంది. కార్డు ముందువైపు "రెసిడెంట్ సిన్స్" అని ఒక తేదీ ఉంటుంది, అక్కడి నుంచి 30 రోజులు లెక్కపెట్టండి. కార్డు పోస్టులో ఇంటికి చేరిన రోజు నుంచి కాదు. ఆ రెంటికీ మధ్య వారాలు గడిచిపోతుంటాయి. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) మీద సంతకం పెట్టినప్పుడే, 18-26 మధ్య వయసు మగవాళ్ల వివరాలు సెలెక్టివ్ సర్వీస్‌కి పంపడానికి ఒప్పుకున్నట్టు ఆ ఫారంలో ఒక వాక్యం ఉంటుంది. అందుకే కొందరికి తాము ఏమీ చేయకుండానే నంబరు వచ్చేసి ఉంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. సెలెక్టివ్ సర్వీస్ అధికారిక సైటులో "వెరిఫై" పేజీకి వెళ్లి ఇంటిపేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టిన తేదీ కొట్టండి. నంబరు వస్తే అక్కడి నుంచే లెటర్ దించుకుని దాచుకోండి, పని అయిపోయింది. రాకపోతే అదే సైటులో రిజిస్టర్ చేయండి.

మీరు టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి ఇంకో సంగతి. అక్కడ 26 లోపు మగపిల్లలు డ్రైవింగ్ లైసెన్సుకి అప్లై చేస్తే, ఆ అప్లికేషనే సెలెక్టివ్ సర్వీస్‌కి సమ్మతిగా లెక్కలోకి వస్తుంది. ఇలాంటి ఏర్పాటు చాలా రాష్ట్రాల్లో ఉంది. మీ వాడు హెచ్-4లో ఉండగా లైసెన్సు తీసుకుని ఉంటే ఆ సమాచారం ఎలా వెళ్లిందో, అసలు వెళ్లిందో లేదో బయటి నుంచి తెలియదు. అందుకే మొదటి పని వెరిఫై పేజీ, రెండోది రిజిస్ట్రేషన్. ముందే నంబరుంటే రెండోసారి చేయనక్కర్లేదు.

మీ వాడి వయసు పిల్లలున్న ఇతర కుటుంబాలు కూడా చదువుతారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. 21 దాటి హెచ్-4 నుంచి ఏజ్ అవుట్ అయిన పిల్లవాడు ఎఫ్-1కి మారితే మినహాయింపు అలాగే సాగుతుంది. అలా మారకుండా, ఐ-485 పెండింగ్‌లో ఉందన్న ధైర్యంతో ఇంట్లో ఉంటే అతను ఏ నాన్ ఇమిగ్రెంట్ స్టేటస్‌లోనూ లేడు, ఉండటానికి అనుమతి మాత్రమే ఉంది. మినహాయింపుకు ఆధారమైన స్టేటసే పోయాక, పేరు ఇచ్చేయడమే క్షేమం. ఇచ్చినందువల్ల గ్రీన్ కార్డు కేసుకు వచ్చే నష్టం లేదు. ఇవ్వకపోవడమే రేపు సంజాయిషీ అడిగిస్తుంది.

మీ తమ్ముడు. ఎఫ్-1, ఆ తర్వాత ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి), ఆ తర్వాత హెచ్-1బి, ఇలా గొలుసు తెగకుండా 26 దాటితే అతనికి జీవితాంతం ఈ బాధ్యత ఉండదు. కానీ ఆ గొలుసు తెగలేదని నిరూపించుకోవలసింది అతనే. ఇప్పుడు 23 కాబట్టి ఈ మూడేళ్ల కాగితాలు బంగారంలా దాచుకోమనండి: ప్రతి ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం), మారిన ప్రతిసారీ పాతది కూడా. ప్రతి ప్రయాణం తర్వాత దించుకున్న ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు). ఓపీటీ కార్డు రెండు వైపులా ఫోటో. హెచ్-1బి ఆమోద పత్రం ఐ-797. వీసా స్టాంపులున్న పాత పాస్‌పోర్టు. యూనివర్సిటీ మారితే పాత యూనివర్సిటీ వాళ్లు పోర్టల్ లాగిన్ తీసేస్తారు, అప్పుడు పాత ఐ-20 కోసం మెయిళ్లు రాసుకుంటూ కూర్చోవాలి.

తెగేది ఎక్కడంటే: సెమిస్టర్‌లో తగినన్ని క్రెడిట్లు తీసుకోక సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) రద్దయినప్పుడు, ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు 90 దాటినప్పుడు, హెచ్-1బి ఉద్యోగం పోయి 60 రోజుల గ్రేస్ కూడా అయిపోయినప్పుడు. 26 నిండకముందు అలా స్టేటస్ పోయి ఇక్కడే ఉండిపోతే 30 రోజుల్లో పేరు ఇవ్వాలి. ఆ సమయంలో ఎవరికీ ఇది గుర్తుండదు, నెత్తిన అంతకన్నా పెద్ద సమస్యలుంటాయి కదా. 26 లోపు పెళ్లి ద్వారా గానీ మరోలా గానీ గ్రీన్ కార్డు వచ్చినా అంతే, అప్పటి నుంచి మీ అబ్బాయికి చెప్పిన లెక్కే.

మీ అక్కగారి అబ్బాయి. ఇతని విషయంలో ఇంట్లో వాళ్లు చెప్పే మాట, "వాడికి ఓసీఐ ఉంది, ఇక్కడే ఉంటున్నాడు" అని. ఓసీఐ అనేది భారత పౌరసత్వం కాదు, దీర్ఘకాలపు వీసా లాంటిది. అతను అమెరికా పౌరుడు, కూకట్‌పల్లిలో ఉన్నా కాలిఫోర్నియాలో ఉన్నా ఒకటే. 18 నిండి ఎన్నాళ్లయినా 26 కాలేదు కాబట్టి ఇప్పుడు ఇచ్చినా తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో చేయాలంటే సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకు చాలామందికి ఆసుపత్రిలోనే దరఖాస్తు పెట్టించి ఉంటారు. ఆ నీలం రంగు కార్డు పాత సూట్‌కేసులో బర్త్ సర్టిఫికెట్‌తో పాటు ఉంటుంది, వెతకమనండి. నంబరు లేకపోతే నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్ ద్వారా కాగితం ఫారం మీద చేయవచ్చు. నంబరు తర్వాత వచ్చినప్పుడు సెలెక్టివ్ సర్వీస్‌కి తెలియజేయాలి.

చిరునామా దగ్గర చాలామంది అమెరికాలో ఉన్న మామయ్యదో బాబాయిదో ఇచ్చేస్తారు. ఉత్తరం అందే చోటే ఇవ్వండి, హైదరాబాద్ చిరునామా ఇచ్చినా తప్పు లేదు. బాబాయి ఇల్లు మారితే ఉత్తరం పోయినట్టే, కానీ రికార్డులో మాత్రం పంపామనే ఉంటుంది. ఆ "పంపాము" అన్న మాట ఎంత బరువైనదో మీ మరిది విషయంలో చూస్తారు.

మీ మరిది. 24 నుంచి 26 దాకా గ్రీన్ కార్డుతో ఉన్నారు, చేసుకోలేదు. ఇప్పుడు 28. సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400లో దీని గురించే ప్రశ్న ఉంది: 18వ, 26వ పుట్టినరోజుల మధ్య ఎప్పుడైనా అమెరికాలో ఉన్నారా, ఆ కాలమంతా చట్టబద్ధ నాన్ ఇమిగ్రెంటుగా ఉన్నవారైతే అవునని పెట్టవద్దు, అని. మీ మరిది ఆ కాలంలో కొంత భాగం గ్రీన్ కార్డు మీద ఉన్నారు కాబట్టి జవాబు "అవును". దాని కింద నంబరు అడుగుతారు, అది లేదు. అబద్ధం మాత్రం రాయవద్దు. నమోదు చేసుకోకపోవడానికి సంజాయిషీ ఇచ్చుకోవచ్చు, ప్రమాణం చేసి అబద్ధం చెప్పడానికి ఇచ్చుకోలేరు.

ఇమిగ్రేషన్ శాఖ వయసును బట్టి మూడు రకాలుగా చూస్తుంది. 26 లోపువాడు చేసుకోను అంటే సిటిజన్‌షిప్ రాదు, చేసుకుని వస్తే సమస్య లేదు. 26 నుంచి 31 మధ్యవాడు, తెలిసి, కావాలని మానేయలేదని చూపించుకోవాలి. 31 దాటినవాడికి ఆ తప్పు, వాళ్లు నడవడిక చూసే అయిదేళ్ల కాలానికి బయట పడుతుంది కాబట్టి సాధారణంగా అడ్డు కాదు. పౌరురాలైన భార్య ద్వారా మూడేళ్లకే అప్లై చేసేవాళ్లకు చూసే కాలం మూడేళ్లే, అంటే ఆ 31 కాస్తా 29 అవుతుంది. మీ మరిదికి 29 నిండటానికి ఇంకా నాలుగైదు నెలలే ఉండి, పాస్‌పోర్టుకు తొందరేమీ లేకపోతే, ఆగి వేయడం గురించి లాయర్‌తో ఒకసారి మాట్లాడమనండి. నన్నడిగితే ఆగమనే అంటాను. సంజాయిషీ ఎంత నిజమైనా, అది ఆఫీసర్ నమ్మితేనే పని జరుగుతుంది. కాలం బయటికి జరిగిపోతే ఆ నమ్మకంతో అవసరం తగ్గుతుంది.

ఇప్పుడే వేయాలంటే రెండు కాగితాలు కావాలి. ఒకటి, సెలెక్టివ్ సర్వీస్ ఇచ్చే స్టేటస్ ఇన్ఫర్మేషన్ లెటర్. 26 దాటినవాళ్ల కోసమే ఇది. సైటులో రిక్వెస్ట్ ఫారం ఉంటుంది, దానితో పాటు గ్రీన్ కార్డు, వీసాలు, ఐ-94 నకళ్లు పంపాలి. ఇంటర్వ్యూకి వారం ముందు అడిగితే రాదు, ఎన్-400 వేయకముందే తెప్పించుకోండి. ఈ ఉత్తరం, నమోదు చేసుకోవాల్సి ఉండి చేసుకోలేదు అనో, ఆ అవసరం లేదు అనో చెబుతుంది. కావాలని మానేశారా లేదా అన్నది తేల్చదు, ఆ పని సిటిజన్‌షిప్ ఇచ్చే శాఖకే వదిలేస్తుంది. కొన్నిసార్లు ఇందులో, ఫలానా చిరునామాకు గుర్తుచేస్తూ ఉత్తరాలు పంపాము అని కూడా ఉంటుంది. అదే ఇబ్బంది. ఆ తేదీల్లో ఆయన అక్కడ లేరని చూపే పాత లీజు, కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ దొరికితే జతచేయండి.

రెండోది, ఆయన స్వయంగా రాసిన అఫిడవిట్. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలు అన్నీ ఒకేలా ఉంటాయి, ఆఫీసర్లు వాటిని రోజూ చూస్తారు. ఇందులో ఉండాల్సింది కథ కాదు, తేదీలు: ఏ వయసులో వచ్చారు, ఏ వీసా మీద, గ్రీన్ కార్డు ఏ తేదీన, అమెరికాలో హైస్కూల్ చదివారా లేదా, లైసెన్సు తీసుకున్నప్పుడు ఆ ప్రశ్న ఎదురైందా, ఈ నియమం మొదటిసారి ఎప్పుడు, ఎలా తెలిసింది, అప్పటికి వయసెంత. ఇండియాలో నిర్బంధ సైనిక సేవ లేదు కాబట్టి ఇలాంటిది ఉంటుందన్న ఊహే లేదు అన్నది నిజమైన, నమ్మదగిన మాట, ఒక వాక్యంలో చెబితే చాలు. 25 ఏళ్లప్పుడే తెలిసి బద్ధకించారు అనుకోండి, అప్పుడు ఈ అఫిడవిట్ రాయకూడదు, లాయర్ దగ్గరికే వెళ్లాలి.

అదే 26 నిండాకే మొదటిసారి అమెరికాలో అడుగుపెట్టినవాళ్లకు ఈ గొడవ లేదు, మొదటి ఎంట్రీ స్టాంపు చాలు. చదువుకోవడానికి 22కి వచ్చి, 26 దాకా ఎఫ్-1, హెచ్-1బిల మీద ఉండి, 35కి గ్రీన్ కార్డు, 40కి సిటిజన్‌షిప్ అనే మనవాళ్ల మామూలు బాటలో ఉన్నవారు ఎన్-400లో ఆ ప్రశ్నకు "కాదు" అనే పెట్టాలి. కంగారులో "అవును" పెట్టి, నంబరు లేక, ఇంటర్వ్యూలో నీళ్లు నమలడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

ఇక ఫారం నింపడం. రుసుము లేదు. డబ్బు అడిగే సైటు ఏదైనా అది అసలుది కాదు, చిరునామా చివర "డాట్ గవ్" ఉందో లేదో చూసుకోండి. పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, చిరునామా, ఫోను, ఈమెయిల్, అంతే. అయిదు నిమిషాల పని. పోస్టాఫీసులో కాగితం ఫారం తీసుకుని కూడా పంపవచ్చు. ఇంత చిన్న ఫారంలోనూ మనవాళ్లకు మూడు చోట్ల దెబ్బతగులుతుంది.

పేరు: మన ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో ఒక్కోసారి మొత్తం పేరూ ఒకే గడిలో పడి, రెండోది ఖాళీగా ఉంటుంది, వీసాలో "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని వచ్చేస్తుంది. ఆ మూడక్షరాలు కొందరి సోషల్ సెక్యూరిటీ కార్డులో అసలు పేరుగా స్థిరపడిపోయాయి కూడా. సెలెక్టివ్ సర్వీస్ సరిచూసుకునేది సోషల్ సెక్యూరిటీ రికార్డుతో. కాబట్టి ఆ కార్డు మీద ఎలా ఉందో అలాగే కొట్టండి, మీకు నచ్చిన వరసలో కాదు. గ్రీన్ కార్డులో పేరు సరైన వరసలో వచ్చి, సోషల్ కార్డులో పాత వరసే ఉంటే, ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి అది సరిచేయించుకోవడం మేలు. ఈ ఒక్క పనికే కాదు, అన్నింటికీ.

పుట్టిన తేదీ: బళ్లో వేయడానికి మార్చిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి వెళ్లిపోయినవాళ్లు ఎందరో. ఇంట్లో పుట్టినరోజు చేసే తేదీ వేరు, కాగితం మీది వేరు. ఇక్కడ కాగితం మీదిదే తేదీ, 26 ఎప్పుడు నిండుతుందన్న లెక్క కూడా దాని మీదే. ఇక చేత్తో ఫారం నింపేటప్పుడు అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు. ఆగస్టు 7న పుట్టినవాడు మన అలవాటు ప్రకారం 07, 08 అని రాస్తే జూలై 8 అయిపోతాడు. తర్వాత వెరిఫై పేజీలో ఎంత వెతికినా దొరకడు. 13 నుంచి పై తేదీల వాళ్లకు ఆ భయం లేదు, అలాంటి నెల లేదు కాబట్టి ఫారం వెనక్కి వస్తుంది.

మూడోది చిరునామా. మారిన పది రోజుల్లో తెలపాలన్నది నియమం, 26 నిండే సంవత్సరం జనవరి 1 దాకా. కాలేజీ హాస్టల్ మారినప్పుడల్లా ఎవరూ చేయరు, చేయలేదని పట్టుకున్నదీ లేదు. కనీసం స్థిరమైన ఇంటి చిరునామా ఇచ్చి ఉంచండి. నమోదైన రుజువు 90 రోజుల్లో అందకపోతే కనుక్కోవలసిన బాధ్యత మనదే. వచ్చే నంబరులో మొదటి రెండు అంకెలు పుట్టిన సంవత్సరం చివరి రెండు అంకెలే, 2007లో పుట్టినవాడికి 07తో మొదలవుతుంది. అలా లేకపోతే తేదీ తప్పు పడిందని అనుమానించండి. ఆ లెటర్‌ను గ్రీన్ కార్డు కాపీతో ఒకే ఫోల్డర్లో పెట్టండి.

పేరు ఇచ్చిన కొన్నాళ్లకు సైన్యం రిక్రూటర్ల నుంచి రంగురంగుల పాంప్లెట్లు, ఫోన్లు రావచ్చు. చూసి కంగారు పడకండి. అది ఉద్యోగ ప్రచారం మాత్రమే, పిలుపు కాదు.

ఆరోగ్యం బాగాలేనివాడు, ఆస్తమా ఉన్నవాడు, కళ్లద్దాలవాడు కూడా పేరు ఇవ్వాలి. వైద్య పరీక్ష అనేది డ్రాఫ్ట్ (నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోవడం) వచ్చి, పిలుపు అందాక జరిగే పని. ఆటిజం లాంటివి ఉండి, తోడుంటే బయటికి వెళ్లగలిగే పిల్లవాడైనా చేసుకోవాలి, అమ్మానాన్నలు ఫారం నింపిపెట్టవచ్చు. 18కి ముందు నుంచి 26 దాకా నిరంతరంగా ఆసుపత్రికో ఇంటికో పరిమితమైన వాళ్లకే మినహాయింపు. ఒక్కగానొక్క కొడుకన్నా మినహాయింపు లేదు. హింసకు మనస్సాక్షి ఒప్పుకోనివారు కూడా ఇప్పుడు పేరు ఇవ్వవలసిందే. ఆ అభ్యంతరం చెప్పుకునే అవకాశం పిలుపు వచ్చినప్పుడే, ఇప్పుడు ఫారంలో దానికి గడి లేదు.

చేసుకోకపోతే ఏమవుతుంది? చట్టంలో అయిదేళ్ల జైలు, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా దాకా ఉంది. కాగితం మీద. 1980లలో ఇరవై మంది దాకా కేసులు పెట్టారు, 1986 తర్వాత ఎవరి మీదా పెట్టలేదు. నిజంగా తగిలేవి వేరే. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలకు అర్హత పోతుంది, ఫెడరల్ నిధులతో నడిచే ఉద్యోగ శిక్షణలు పోతాయి, టెక్సాస్ సహా కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్రం ఇచ్చే విద్యార్థి సహాయం పోతుంది. పౌరసత్వం చిక్కు పైన చెప్పాను. ఫాఫ్సా (విద్యార్థి సహాయానికి ఫెడరల్ దరఖాస్తు) ద్వారా వచ్చే ఫెడరల్ సహాయం కూడా పోతుందని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు, అది పాత మాట. 2020 డిసెంబరులో వచ్చిన చట్టం ఆ షరతును తీసేసింది, ఫాఫ్సా ద్వారా నమోదు చేసుకునే దారి కూడా దానితోనే పోయింది.

ఇప్పుడు వాట్సాప్ మెసేజ్ సంగతి. 2025 డిసెంబర్ 18న సంతకమైన రక్షణ చట్టంలో, అర్హులైన మగవాళ్లను ఫెడరల్ రికార్డుల ఆధారంగా సెలెక్టివ్ సర్వీసే స్వయంగా నమోదు చేసేలా మార్పు చేశారు. అది అమల్లోకి రావడానికి ఏడాది గడువు పెట్టారు. మెసేజ్‌లో "అందరినీ సైన్యంలో చేరుస్తున్నారు" అని మారిపోయింది దీని సంగతే. మారింది నమోదు చేసే పద్ధతి. డ్రాఫ్ట్ రాలేదు. దీన్ని చూపించి "వాళ్లే చేసుకుంటారులే" అని మీ అబ్బాయి ఆగకూడదు. ఇవాళ అతని 30 రోజులు నడుస్తున్నాయి. మీ అక్కగారి అబ్బాయి లాంటి, అమెరికా రికార్డుల్లో చిన్నప్పుడు తప్ప ఎక్కడా కనిపించని పిల్లలకైతే, పద్ధతి మారాక కూడా వెరిఫై పేజీలో చూసుకోవడమే మంచిది.

డ్రాఫ్ట్ నిజంగా రావాలంటే అధ్యక్షుడు ఒక్కడు అనుకుంటే చాలదు, సైన్యంలోకి తీసుకునే అధికారం ఇస్తూ కాంగ్రెస్ చట్టం చేయాలి. ఆ అధికారం 1973లో ముగిసింది, తర్వాత మళ్లీ ఇవ్వలేదు. 1975లో ఆపేసిన నమోదును అధ్యక్షుడు కార్టర్ 1980లో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఉన్నది ఆ జాబితా మాత్రమే. చట్టం అయినా, మొదటి విడత మనుషుల్ని 193 రోజుల్లోపు సైన్యానికి అప్పగించేలా ప్రణాళిక ఉంది.

వస్తే లాటరీయే. ఒక డ్రమ్ములో పుట్టిన తేదీలు, ఇంకో డ్రమ్ములో అంకెలు, రెండింటి నుంచీ ఒక్కోటి తీసి జత చేస్తారు. ఆ సంవత్సరం 20 నిండేవాళ్లను ముందు పిలుస్తారు, తర్వాత 21 నుంచి 25 దాకా వరసగా, ఆ పైన 19, 18న్నర వాళ్లు. గ్రీన్ కార్డువాళ్లకూ ఇదే వరస. రెండు డ్రమ్ములు ఎందుకంటే 1969 డిసెంబర్ 1న జరిగిన లాటరీ నేర్పిన పాఠం. 366 తేదీలను ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి, నెలల వరసలో పెట్టెలో వేసి, సరిగ్గా కలపకుండానే గాజు జాడీలో పోసి తీశారు. చివర వేసిన నెలలు పైనే మిగిలాయి. జనవరి తేదీలకు సగటున 201వ నంబరు దాకా వస్తే, డిసెంబర్ తేదీలకు 121 దగ్గరే వచ్చింది. చిన్న నంబరు అంటే ముందు పిలుపు. ఆ లాటరీ ప్రకారం 1970లో 195వ నంబరు దాకా పిలిచారు.

పిలుపు వచ్చినా కాలేజీలో ఉన్నవాడికి ఆ సెమిస్టర్ ముగిసేదాకా, చివరి సంవత్సరంలో ఉంటే విద్యా సంవత్సరం ముగిసేదాకా వాయిదా దొరుకుతుంది. వియత్నాం కాలంలోలా చదువు పేరు మీద ఏళ్లకేళ్లు తప్పించుకోవడం ఇప్పుడు లేదు. మనస్సాక్షి అభ్యంతరం ఒప్పుకుంటే ఆయుధం లేని సైనిక పనో, 24 నెలల పౌర సేవో ఇస్తారు.

మీ అబ్బాయికి వెరిఫై పేజీలో ఏం వచ్చిందో చూసి చెప్పండి. "దొరకలేదు" అని వస్తే, రిజిస్టర్ చేసేముందు అతని సోషల్ సెక్యూరిటీ కార్డునీ గ్రీన్ కార్డునీ పక్కపక్కన పెట్టి, పేరు అక్షరం అక్షరం కలుస్తోందో లేదో ఒకసారి చూడండి.